నీడమీది రాయి

అయినవాని నేరమును కప్పిపుచ్చుట ప్రేమయా? బయటపెట్టుట ద్రోహమా? ఈ ప్రశ్నను మా యెదుట మిక్కిలి తీక్ష్ణముగ నిలిపినది ఒక ఇటాలియను చలనచిత్రము. 1960లో లూకినో విస్కోంతి దర్శకత్వమున వెలువడిన ఆ చిత్రము పేరు "రోక్కో, అతని సోదరులు".

దక్షిణ ఇటలీలోని లుకానియా బీదసీమ. భర్తను గోల్పోయిన రొజారియా తన కొడుకులతో అచటనుండి ఉత్తరమున మిలాను నగరమునకు వచ్చును. పెద్దకొడుకు అంతకుముందే అచట నుండెను. ఆ కాలమున దక్షిణపు పల్లెలనుండి ఉత్తరపు కర్మాగారములకు లక్షలకొలది జనులు వలసపోయిరి. పరాయియూర నట్టివారికి మిగిలిన స్వదేశము కుటుంబమొక్కటే. దానిని గట్టిగ పట్టుకొనుటలో తప్పేమున్నది?

రెండవవాడగు సిమోనె ముష్టియుద్ధమున కొంత పేరుగాంచి, పిదప చెడిపోయెను. అతనిని విడిచిన నాదియా యను వెలయాలు కొంతకాలమునకు తమ్ముడు రోక్కోను ప్రేమించి, కొత్తబ్రతుకు గోరెను. సిమోనె తమ్ముని కన్నులయెదుటనే ఆమెను చెఱిచెను. అప్పుడు రోక్కో యేమి చేసెను? అన్న దుఃఖమునకు తానే కారణమని తలచి, ఆమెను మరల అన్నకడకే పొమ్మనెను! మిలాను ప్రధాన దేవాలయపు కప్పుమీద జరుగు నీ ఘట్టమును జూచి రోక్కోను సాధువనువారు కలరు. మొదట మేమును అట్లే యనుకొంటిమి. రెండవమారు చూచినపుడు సందేహము గలిగినది. తన సొత్తు నిచ్చువాడు దాత. ఒరుల బ్రతుకు నిచ్చువానిని ఏమందుము?

తుదకు సిమోనె నాదియాను కత్తితో పొడిచి చంపెను. అన్న అప్పులు తీర్చుటకై ముష్టియుద్ధమున దిగిన రోక్కో అదేవేళ గెలిచెను. ఇంట విందు. ఆ విందులో రోక్కో తమ సీమ యాచారమొకటి చెప్పును: ఇల్లు కట్టబూనిన మేస్త్రి మొట్టమొదట ఆ దారిని నడచినవాని నీడపై రాయి విసరునట, ఇల్లు గట్టిగ నిలుచుటకు బలి కావలయునట. ఆ రాయి ఎవరి నీడపై పడినదో చెప్పుచున్నవానికే యింకను తెలియదు.

అంతలో సిమోనె వచ్చి నేర మొప్పుకొనెను. రోక్కో అన్నను దాచవలెననెను. ఆల్ఫా రోమియో కర్మాగారమున పనిచేయు తమ్ముడు చీరో మాత్రము, అడ్డుపడినను ఆగక, పోలీసులకడకు పరుగెత్తెను.

ఇంటిగుట్టు లంకకు చేటని మన పెద్దలు చెప్పుదురు. విభీషణుని ధర్మాత్ముడని పూజించుచునే, ఇంటివిషయము వచ్చినపుడు ఈ సామెతను వాడుకొనుట మన కలవాటు. లంకకు గలిగిన చేటునకు వగచు నీ సామెత లంకలో బందీయైయున్న సీతను లెక్కింపదు. రోక్కో ప్రేమయు అట్టిదే. అది నిజమైనదే గాని, దాని లెక్క గుమ్మముకడనే ఆగిపోయినది.

చీరోకు సుఖము లేదు. సిమోనెను తనకంటె ప్రేమించినవారు లేరనియు, రోక్కో సాధువే యైనను ఎల్లప్పుడును మన్నింపరాదనియు, కర్మాగారపు విరామవేళ చిన్నతమ్ముడు లూకాకు చెప్పుకొనును. బాలుడు కోపముతోనే వినును. తిరిగి పోవుచు, దారిలో పత్రికలపై నచ్చువడిన రోక్కో బొమ్మను చేతితో నిమిరి, ఒంటరిగ నడచిపోవును.