మూర్తి లేని మందిరము

క్షేత్రయాత్రకు స్నానము, సంకల్పము, దర్శనము అని పెద్దలు ఒక క్రమమును ఏర్పరచిరి. కాని ఏ సంకల్పమును లేక, ఒక ప్రాచీననగరమును కన్నులపండువుగా చూచివత్తమని బయలుదేరిన దినమునకు నియమమేమైన కలదా? సకుటుంబముగా హంపీవిహారమునకు పోవువారు నేడు అనేకులు కలరు కాన ఈ ప్రశ్న విచారింపదగినది.

విహారము స్వతః దోషము కాదు. సంసారభారముచే అలసిన గృహస్థు భార్యాబిడ్డలతో ఒక దినము తుంగభద్రాతీరమున మెల్లగా నడచుట, అరటితోటల నీడను సేదదీరుట తప్పనుట శాస్త్రహృదయము కాదు. ఆనాటి మన నడవడి ఎట్టిదన్నదే ప్రశ్న.

1336లో స్థాపితమై, 1565 యుద్ధానంతరము పాడువడిన విజయనగరమే ఈ హంపి. విరూపాక్షాలయమున నేటికిని నిత్యపూజలు జరుగుచున్నవి. విఠలాలయమున అట్లు కాదు. 2017 నుండి వెలువడిన 50 రూపాయల నోటుపై కనబడు రాతిరథము ఆ ప్రాంగణములోనిదే. నిజమునకు అది రథాకృతిలో కట్టిన గరుడుని కోవెల. ఆ కోవెల స్వామికెదురుగా నిలిచియే యున్నది. గర్భగృహమున స్వామి లేడు. తిరుమల ఆలయప్రవేశమున దేవేరులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల ప్రతిమను మనమందరము చూచియున్నాము. ఆ రాయలు ఉదయగిరిని జయించి తెచ్చి, 1515లో హంపిలో ప్రతిష్ఠించిన బాలకృష్ణుడును నేడు తన ఆలయమున లేడు.

ఇట్టిచోట మర్యాద ఎవరికి? "ప్రతిష్ఠ చెడిన పిదప అవి రాళ్లే గదా! పీఠమెక్కి ఛాయాచిత్రము తీయించుకొనిన దోషమేమి?" అని కొందరు అందురు. ఈ పూర్వపక్షమును తేలికగా త్రోసివేయరాదు. అర్చామూర్తి లేనిచోట అర్చన లేదు. అచ్చట కర్పూరము వెలిగించి, కుంకుమ పూసి, రాళ్లను మసిచేయుటయు తగదు.

అయినను పూజ వేరు, వినయము వేరు. పూజకు మూర్తి కావలయును. వినయమునకు మనస్సు చాలును. నిత్యపూజలు గల కోవెలలో అర్చకుడు చూచుచుండును, తోటిభక్తులు చూచుచుందురు, తీర్థప్రసాదములు లభించును, కోరిక ఈడేరునను ఆశ యుండును. అచ్చట మన చేతులు జోడింపబడినది భక్తిచేతనో, ఫలాపేక్షచేతనో మనకే తెలియదు. శూన్యమైన గర్భగృహము ఎదుట ఆ ఆశయు లేదు, ఆ జంకును లేదు. అచ్చట మనము ఎట్లుందుమో దానినిబట్టి మన భక్తి ఎంతటిదో తెలియును. అర్చామూర్తి తొలగినను అంతర్యామి తొలగలేదు. మన హృదయమందున్నవాడు మనతోడనే ఆ గడప దాటుచున్నాడు.

విఠలాలయములోని స్వరస్తంభములను తట్టరాదను నిషేధము కలదు. నిషేధమునకు జంకి చేయి వెనుకకు తీయుట చట్టపాలనము. వానిని మలచిన శిల్పి కైంకర్యమును తలచి చేయి వెనుకకు తీయుట ధర్మపాలనము. పిల్లలకు రెండవదానిని నేర్పినచో ఆనాటి విహారము సార్థకమగును.

విహారమునకు మరియొక గుణము కలదు. యాత్రలో తొందర హెచ్చు. విహారమున తీరిక యుండును. తీరికగా చూచువానికే కొన్ని కనబడును. హంపిలో 1528 నాటి ఏకశిలానృసింహుడు సుమారు 22 అడుగుల ఎత్తున ఆసీనుడై యున్నాడు. అంకముపైని అమ్మవారి మూర్తి భగ్నమైపోయినది. స్వామిని ఆలింగనము చేసికొనిన ఆమె చేయి మాత్రము ఆయన వీపున నేటికిని నిలిచియున్నది. ఎదుట నిలిచి ఉగ్రరూపమును చూచి వెడలిపోవువారికి అది కానరాదు. జీవుల అపరాధములను క్షమింపుమని స్వామికి విన్నవించు పురుషకారము అమ్మదే యని మన ఆచార్యుల ఉపదేశము. అంతటి వినాశనమునందును ఆ చేయి స్వామిని విడువలేదు. హంపికి పోవువారు దానిని తమ బిడ్డలకు చూపి, ఒక్క నిమిషము మౌనముగా నిలువుదురు గాక.