వంతు ఎవ్వరిది?

ఇరువురు ఒకే పక్షమున చేరి ఆడు ఆటలో, ఒకడు తన వంతున తప్పుటెత్తు వేయబోవుచుండగా, తెలిసిన రెండవవాడు వాని చేయి పట్టుకొని ఆపవచ్చునా? నోటితో చెప్పి ఊరకుండవలెనా? చెప్పనే కూడదా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురైనది కాదు. కోవిల్‌పట్టిలో మా ఇంటి కంప్యూటరు ముందు, పదునొకండేండ్ల దౌహిత్రుని ప్రక్కన కూర్చుండగా ఎదురైనది.

వాని ఊరు విరుదునగర్. మధ్య సాత్తూరు; రైలులో గంట ప్రయాణము. సెలవులకు వచ్చినపుడు వాడు నాకు 'వెస్నోత్' అను యుద్ధపుటాటను నేర్పెను. డేవిడ్ వైట్ అనునతడు 2003లో ఆరంభించిన ఆట, వెల లేదు. చేతివేగముతో పనిలేదు గనుకనే నావంటివాడు ఆడగలిగెను. చదరంగమువలె ఒకరి వెనుక నొకరు వంతు తీసికొందురు. గడులు ఆరు మూలలవి. కొందరు సైనికులకు పగటివేళ బలము నూటికి 25 పాళ్లు హెచ్చును, రాత్రి అంతే తగ్గును. కొందరికి ఇది తలక్రిందు. మే మిరువురము మిత్రరాజులము. శత్రువును యంత్రమే నడుపును.

ఈ ఆటలో ఊళ్లున్నవి. ఊరిని ముందు చేరినవానికే ప్రతివంతునను బంగారము వచ్చును. బంగారముండిననే క్రొత్త సైనికులను చేర్చుకొనవచ్చును. మిత్రులైనను బొక్కసములు వేరు. ఏండ్ల తరబడి జమాఖర్చులు వ్రాసిన చేయి గదా, ఊరు కనబడినంతనే పట్టుకొంటిని. మొదటి ఆటలో నాకు తొమ్మిది ఊళ్లు, వానికి మూడు. వాని వద్ద సైనికులను చేర్చుకొనుటకు ధనము లేదు. ఉన్న నలుగురినైనను కదల్పబోయినపుడు "అటు కాదు, ఇటు" అంటిని. కడకు మౌసు నా చేతిలోనికి తీసికొని వాని వంతును గూడ నేనే ఆడితిని. గెలిచితిమి.

"తాతా, గెలిచింది నువ్వే. నేను ఊరికే కూసోని ఉంటిని" అని వాడు లేచిపోయెను.

ఆ మాట నాకు రెండు దినములు గుచ్చుకొనెను. మా చిన్ననాట మంటపపు రాతిపై గీసిన గీతలమీద పులిజూద మాడెడివారము. పులులు మూడు, మేకలు పదునైదు. పులి నాడువాడు తప్పుటెత్తు వేయబోయిన మేకలవాడు కిక్కురుమనడు. లోలోపల సంతోషించుచు కాచుకొనియుండును. శత్రువు వంతు శత్రువుదే యని మనము ఎంత మర్యాదగా ఒప్పుకొందుము! అదే తప్పు మిత్రుడు చేయబోయిన, నష్టము మనదియు గనుక, చేయి చాపుదుము. పగవానికి ఇచ్చిన గౌరవమును స్నేహితునికి ఇయ్యము. దానికి ప్రేమ యని పేరు పెట్టుదుము.

భారతమున ఈ రెండు విధములును కలవు. సభాపర్వమున పందెము దుర్యోధనునిది, పాచికలు శకునివి. ఒకనికై మరియొకడు ఆడుట తనకు సరిగా తోచలేదని ధర్మరాజు అప్పుడే అనెను. అనియు ఆడెను, అది వేరు సంగతి. గెలుపు కలసివచ్చినను దుర్యోధనుడు ఆ దినమున ఆటగాడు కాడు. ఇక కురుక్షేత్రమున కృష్ణుడు ఆయుధము పట్టనని మాట యిచ్చి, పగ్గములు పట్టి, ఆలోచన చెప్పుచు కూర్చుండెను. బాణము అర్జునుని వంతు. అంతటి కృష్ణునికిని భీష్ముని ముందు ఓర్పు చాలలేదు. అర్జునుడు మెత్తగా పోరుచున్నాడని చక్రము పట్టి రథము నుండి దుమికెను. వెనుకనే పరుగెత్తి, కాళ్లు పట్టుకొని, పదవ అడుగున ఆపినవాడు అర్జునుడే. తన వంతు తనకు విడువుమని అడుగుటకు మా మనుమనికి అంత చనువు లేదు. అందుచేత లేచిపోయెను.

అన్నిచోట్లను చేయి కట్టుకొని కూర్చుండుమని నేననను. మాది అగ్గిపెట్టెల ఊరు. పసివాడు పుల్ల గీయబోయిన ఎవ్వడును ఆలోచన చెప్పుచు కూర్చుండడు, లాగివేయును. మరల ఆడుటకు వీలున్న నష్టము వేరు, వీలులేని నష్టము వేరు. మన యిండ్లలో పెద్దలము ఈ రెంటిని కలిపివేయుచున్నామేమో యని నా అనుమానము. పిల్లవాడు తెలుగున ఒక మాటకై తడుముకొనుచుండగా, మనము ఓపలేక ఆ వాక్యమును మనమే ముగింతుము. లేదా అరవమున అందింతుము. ఆ క్షణమున పని జరిగిపోవును. కొన్నాళ్లకు వాడు మనతో తెలుగున ఆరంభించుటయే మానును. అప్పుడు పిల్లలకు భాష రాదని సంఘపు సభలలో విచారింతుము. నేనును విచారించినవాడనే.

పండుగ సెలవులకు వాడు మరల వచ్చెను. పడమటి ఊళ్లన్నియు వానికి విడిచితిని. పొద్దు వాలుచుండగా, గాయములు మాన్పు వైద్యురాలిని ముందునకు నడుపబోయెను. శత్రువులు రాత్రి బలము హెచ్చువారు. "చీకటి పడబోతున్నది" అని ఒక్కసారి చెప్పితిని. వాడు విని, కొంత ఆలోచించి, తాననుకొన్నదే చేసెను. ఆమె చచ్చెను, మూడు వంతులలో వాని రాజును పడిపోయెను. తరువాత నేను ఒంటరిగా ఎంతోసేపు నిలువలేకపోతిని.

వాడు చాలసేపు తెరవంక చూచి, "పొద్దు వాలకముందే ఆమెను వెనక్కి తీసుకోని ఉండాల, తాతా" అనెను.

ఆ మాట నేను ముందే చెప్పితి నని అనబోయి నోరు మూసికొంటిని. సగము మాట అప్పటికే బయటపడినది. వాడు నవ్వి, క్రొత్త ఆట తెరచెను.