ఆతిథ్యానికి వెల కట్టవచ్చునా?

అతిథిసేవ ధర్మమైనప్పుడు దానికి సొమ్ము తీసుకోవడం ఆ ధర్మాన్ని చెరుపుతుందా అన్న ప్రశ్నకు, శ్రీనగర్‌లోని దాల్ సరస్సు మీద తరతరాలుగా కుటుంబాలే నడుపుతున్న హౌస్‌బోట్ల చరిత్ర ఒక సమాధానం సూచిస్తుంది. కాశ్మీరులో బయటివారు భూమి కొనరాదన్న డోగ్రా పాలకుల కట్టడి వల్ల 19వ శతాబ్ది చివర బ్రిటిషువారు నీటిపైనే నివాసాలు ఏర్పరచుకోగా, పడవలే జీవనాధారమైన హాంజీలు క్రమంగా దేవదారు కలపతో కట్టిన ఆ తేలే ఇళ్లకు యజమానులై, తాము తరచు వెనుకనున్న డూంగా అనే చిన్న పడవలో సర్దుకుని, ముందరి గదులను యాత్రికులకు అద్దెకిచ్చారు.

ముస్లిములైన హాంజీలు పాటించే సంప్రదాయంలో ఒక హదీసు, అనగా ప్రవక్త మహమ్మదు పలుకులుగా, చేతలుగా పరంపరలో నిలిచిన కథనం, అతిథి సత్కారానికి మూడు రోజుల మేర నిర్ణయించి, ఆపై చేసేది దానమంటుంది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి అతిథిని దైవంగా చూడమంటుంది. ఈ రెండింటిలోనూ అతిథి బాకీదారు కాడు. అయితే గదికి అద్దె ఉండవచ్చు గాని, నడిమి గొట్టంలో నిప్పులు రగిలే సమోవార్ పాత్ర నుంచి కుంకుమపువ్వు వేసిన కహ్వా తేనీటిని వంచి అందించే చేతి ఆదరానికి అద్దె లేదు. వెల వస్తువుకు, ఆదరం మనిషికి అన్న ఈ భేదాన్ని మరువనంతకాలం వ్యాపారం ధర్మానికి విరోధి కాదు. అది ధర్మాన్ని నిలబెట్టే ఆధారమే అవుతుంది.