వ్యంగ్యచిత్రమూ వాక్తపస్సూ

పాడేరు కొండలకు ఉత్తరాన, నేటి ఒడిశాలోని జయపురంలో 1906లో జన్మించి, 1930ల నాటి ‘భారతి’ మాసపత్రికలో వ్యంగ్యచిత్రాలు ప్రచురించిన తలిశెట్టి రామారావును తెలుగు కార్టూనుకు ఆద్యుడిగా పరిగణిస్తారు. వృత్తిరీత్యా ఆయన న్యాయవాది.

భగవద్గీత పదిహేడవ అధ్యాయం వాక్తపస్సును, అంటే మాట విషయంలో మనిషి పాటించవలసిన సాధనను, ఎదుటివారికి ఉద్వేగం కలిగించనిదీ, సత్యమూ, ప్రియమూ, హితమూ అయిన వాక్కుగా నిర్వచిస్తుంది. ఈ నాలుగు లక్షణాలనూ కార్టూనుకు వర్తింపజేస్తేనే చిక్కు మొదలవుతుంది. ముక్కును రెండింతలు సాగదీసి, పొట్టను కుర్చీ అంచు దాటించి, పక్కనున్న బంట్రోతును చీమంత చేసే చిత్రకారుడు కొలతల్లో అబద్ధమే చెబుతాడు, కాని అధికారపు అసలు పరిమాణం ఆ అబద్ధం వల్లనే చూపరికి తెలుస్తుంది కనుక సత్యం నెరవేరినట్టే. ప్రియమూ, అనుద్వేగమూ అతనికి అందవు. అందితే ఆ బొమ్మ పొగడ్త అవుతుంది (అటువంటి బొమ్మలకూ కొరత లేదు).

ఇక హితం. అది ఎవరికన్న ప్రశ్నకు, ఏ పత్రిక జీతమూ లేక, బొమ్మ బొమ్మకూ వచ్చే పారితోషికంతో బతికే స్వతంత్ర కార్టూనిస్టు గీసిన ప్రతిసారీ జవాబు వెతుక్కోవలసిందే. కూడు పెట్టే వృత్తి వేరుగా ఉన్న రామారావు వంటివారికి ఆ జవాబులో జంకు తగ్గే వీలుంది. వాక్తపస్సు పూర్తి నిర్వచనంలో కార్టూను ఇమడదు. సగం నిర్వచనంతోనే అది పని చేస్తుంది.