క్షమించుట యెవరి వంతు?

క్షమను గొనియాడని మతము లేదు. ఐనను క్షమించు నధికారము ఎవరికి గలదను ప్రశ్నను మనము సాధారణముగా వేసికొనము. బాధపడినవాడు క్షమించుట యొకటి. బాధపెట్టినవాడు ఇక చాలునని చేయి దించి, దానికి క్షమయని పేరిడుట మరియొకటి. ఈ భేదమును దెలిసికొనుటకు, పదునొకండవ శతాబ్దమున జర్మను దేశమందలి కొలోను నగరమునకు ఆర్చిబిషప్పుగానుండిన రెండవ అన్నో చరిత్ర మిక్కిలి తగినది.

ఆ దినములలో ఆర్చిబిషప్పు పూజలు జరిపించు గురువు మాత్రమే కాడు. తన నగరమున పన్నులు గొనువాడును, తీర్పులు చెప్పువాడును, సేనను నడపించువాడును అతడే. అన్నో 1056లో ఆ పీఠమెక్కెను. అతని సమకాలికుడును, హెర్స్‌ఫెల్డు మఠమున సన్న్యాసియునగు లాంపెర్టు తన చరిత్రలో అతని నిష్ఠను విశేషముగా బొగడియున్నాడు. రాత్రులందు ఒక్క కుర్రవానిని తోడు దీసికొని, చెప్పులు లేని కాళ్లతో చర్చి వెంట చర్చి తిరిగి ప్రార్థించెడివాడట. ఇది బూటకమని నేననుకొనను. బూటకమే యైనచో మన ప్రశ్న సులభమైపోవును. కపటిని నిందించుటకు వ్యాసమేల?

ఇట్టి నిష్ఠాపరుడు 1062లో చేసిన పని వినుడు. రాజైన నాల్గవ హెన్రీ యప్పటికి పదునొకండేండ్ల బాలుడు. తల్లి ఆగ్నెసు రాజ్యము చూచుచుండెను. రైనునదిమీద కైజర్స్‌వెర్తు అనుచోట విందు ముగిసినపిమ్మట, అన్నో బాలుని తన యందమైన నావను జూడ రమ్మని పిలిచెను. ఎక్కగానే తెడ్లు పడినవి. నావ నడియేటికి సాగెను. తన్ను జంపుదురని భయపడి బాలుడు నీటిలో దుమికెను. ఎక్బర్టు అను ప్రభువు వెంట దుమికి, తాను మునుగవలసినవాడై, ఎట్లో వానిని పైకి దెచ్చెను. బాలునితోగూడ రాజ్యాధికారమును అన్నో చేతికి వచ్చెను. మూడేండ్లకు, 1065లో, హెన్రీ యుక్తవయస్కుడై కత్తి పట్టిన దినముననే అన్నోమీదికి దండెత్తబోగా వారించినది తల్లియేనని లాంపెర్టు వ్రాసినాడు. ఎవరి యొడినుండి బిడ్డ యపహరింపబడెనో, ఎవరి చేతినుండి రాజ్యము జారెనో, ఆమెయే వలదన్నది. ఈ సంగతిని చరిత్రకారుడు ఒక్క వాక్యమున దాటిపోయినాడు. నాకు మాత్రము అచటనుండి ముందునకు బోవ మనసొప్పదు.

ఇక 1074వ సంవత్సరపు ఈస్టరు పండుగ. మ్యూన్‌స్టరు బిషప్పు కొలోనుకు అతిథిగా వచ్చి మరలిపోవలసియుండెను. అతనికి నావ కావలసివచ్చి, అన్నో సేవకులు ఒక ధనిక వర్తకుని నావను బట్టుకొని, సరకులను బయట బారవేయుడని యాజ్ఞాపించిరి. వర్తకుని కుమారుడు స్నేహితులతో వచ్చి వారిని దరిమెను. నగరాధికారిని బంపినను లాభము లేకపోయెను. సాయంకాలమునకు ఊరంతయు లేచినది. అన్నో పెద్దచర్చిలో దాగి, చీకటిలో మారువేషముతో ఒక మతాధికారి యింట జొచ్చెను. ఆ యింటివాడు కొన్నాళ్లకు మున్నే నగరపు గోడకు చిన్న దొడ్డిదారి పెట్టుకొనుటకు అన్నోవద్దనే సెలవు పొందియుండెను! ఆ దారినే అతడు ప్రాణములతో బయటపడెను. గుంపు చేసినదియు మంచిపని కాదు. ఒకనిని ద్వారముపైని ఉరిదీసిరి. ఒక స్త్రీని మంత్రగత్తెయని గోడమీదినుండి త్రోసి చంపిరి.

నాల్గవ దినమున అన్నో పెద్ద బలగముతో దిరిగివచ్చెను. నగరవాసులు లొంగిపోయి, పాదరక్షలు విడిచి ఎదురేగిరి. శిక్ష యేమగునో యను భయమున ఆ రాత్రియే 600 మందికి పైగా వర్తకులు ఊరు విడిచి రాజునొద్దకు పారిపోయిరట. పిదప వర్తకుని కుమారునికిని, మరికొందరికిని కన్నులు దీసిరి. కొందరిని కొరడాలతో గొట్టిరి. అందరిచేతను జరిమానాలు కట్టించిరి. కళకళలాడిన నగరము పాడువడినట్లాయెనని చెప్పినవాడు అన్నోకు శత్రువు కాడు, ఆ లాంపెర్టే.

తరువాత అన్నోకు ఒక కల వచ్చినదట. గతించిన బిషప్పులు దివ్యమైన సభలో కూర్చుండియున్నారు. తనకును ఒక పీఠమున్నది. కాని తన రొమ్ముమీది వస్త్రమున మురికి మచ్చ యొకటి. అది పోవువరకు కూర్చుండుటకు వీలులేదనిరి. ఆ మచ్చ కొలోను ప్రజలమీది కోపమేనని గ్రహించి, 1075 ఈస్టరునాడు అతడు వారిని క్షమించి, వెళ్లగొట్టబడినవారిని రానిచ్చి, ఆస్తుల నిచ్చివేసెను. ఆ యేడాది డిసెంబరు 4వ తేదీన మరణించెను.

అన్నోకు క్షమింపదగిన దేమియు లేదా? ఉన్నది. గుంపు తన ప్రాణమునకు వచ్చినది. ఆ పగను విడుచుట అతని వంతే, విడుచుటయు మేలే. కాని కన్నుల పద్దు వేరు. ఆ పద్దులో అతడు ఋణస్థుడు. ఋణస్థుడు అప్పు కొట్టివేసితినని చెప్పిన ఏ న్యాయస్థానమైనను నవ్వును. కలలోనైనను అతనికి గనబడినది తన వస్త్రముమీది మచ్చయేగాని ఎదుటివాని ముఖము కాదు. బిషప్పులు "పోయి వానిని క్షమాపణ యడుగుము" అని చెప్పలేదు.

సంస్కృతమున "క్షమ" యనగా ఓర్పు, భూమియును. త్రొక్కబడునది ఓర్చుటకే ఆ పేరు. త్రొక్కు పాదము ఆగుటకు గాదు. మన తెలుగున "మన్నించు" అను మాట ఇంకను సొగసైనది. తప్పు విడుచుట దాని యర్థమే. గౌరవించుటయు దాని యర్థమే. కొలోను ప్రజలకు మొదటి మన్నన కొంతవరకు దొరకినది. రెండవది దొరకలేదు. మన యిండ్లలోను కోడలిని పదిమందిలో నవమానించిన పెద్దలు, మరునాడు "పోనీలే, క్షమించినాము" అని తామే యనుట వినుచున్నాము గదా! ఆమె యేమి తప్పు చేసినదో యెవరు నడుగరు.

అన్నోను అతడే స్థాపించిన సీగ్‌బుర్గు మఠమున పూడ్చిరి. అతనిని స్తుతించుచు జర్మను భాషలో ఒక కావ్యము వెలసినది. 1183లో చర్చి అతనిని మహాత్ముల వరుసలో జేర్చినది. లాంపెర్టు ఆ కల్లోలమును వర్ణించుచు వర్తకుని కుమారుడు బలిష్ఠుడనియు, సాహసి యనియు, ఊరిలో మంచి పలుకుబడి గలవాడనియు వ్రాసినాడు. పేరు మాత్రము వ్రాయలేదు.