ఇంటి మడి, అంగడి మడి

రాత్రి చలి, ఆకుమీద ఆరని మంచు, పైన కాస్త ఎక్కువగా చల్లిన యూరియా. ఈ మూడూ కలిస్తే వరికి అగ్గితెగులు పట్టినట్టే. నందికొండ చుట్టుపక్కల మొదటి రెండింటికి కొదువ లేదు. కన్నడంలోనూ దీన్ని 'బెంకి రోగ' అనే అంటారు. కాలిన మచ్చ చూసి రెండు భాషలవాళ్లకూ నిప్పే గుర్తొచ్చింది.

చాలా ఏళ్ల కిందట, చింతామణి దగ్గర ఒక చెరువు కింద, మేము పంట అప్పు ఇచ్చిన పొలం చూడబోయాను. రైతు అన్ని మళ్లకూ మందు కొట్టి, ఒక మూల మడి మటుకు వదిలేశాడు. ఎందుకని అడిగాను.

"అది ఇంటి తిండికి సామీ."

నాకు కోపం వచ్చింది. "మరి ఊళ్లోవాళ్లం మేము తినేదో?" అన్నాను.

"ఆ మడి పోతే మేం సంగటి తింటాం. ఈ మళ్లు పోతే మీ అప్పు ఎవరు కడతారు సామీ?"

తన పిల్లలకు ఒకటి, పరాయి పిల్లలకు ఒకటి పండించడం తప్పు కాదా? తప్పేనని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ కాదనలేను. అయితే ఆ తప్పులో పాలు ఎవరెవరిదన్నదే నాకు తేలని లెక్క.

మందులే వద్దనడం తేలిక. 1942లో బెంగాలులో వరికి గోధుమరంగు మచ్చ తెగులు పట్టింది, మరుసటి యేడు కరువొచ్చింది. కరువుకు తెగులొక్కటే కారణం కాదని అమర్త్యసేన్ వాదించారు, నిజమే కావచ్చు. పోయిన పంట మటుకు పోయిందే కదా. పైగా అగ్గితెగులు గాలికి పాకుతుంది. మందు కొట్టని మూల మడి పక్కవాడి చేనుకూ ముప్పే.

అగ్గితెగులుకు ఎక్కువగా వాడే ట్రైసైక్లజోల్ బూజును ఆకులోకి చొరబడనివ్వదు. కనక తెగులు ముదరకముందే కొట్టాలి. రోగం కంటే ముందు భయం రావాలన్నమాట. ఆ భయాన్ని పెంచినవాళ్లలో నేనూ ఉన్నాను. పొలానికి పోయినప్పుడల్లా "మందు కొట్టావా?" అని అడిగానే గాని, కోతకు 30 రోజుల ముందే ఆపాలని ఒక్కరికీ చెప్పలేదు. అప్పు ఫారంలో మందు ఖర్చుకు గడి ఉంది, తినేవాడికి లేదు.

2017లో ఐరోపా సమాఖ్య బియ్యంలో ఈ మందు శేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని తీర్మానించింది. బాసుమతికి అంతకుముందు 1 మిల్లీగ్రాము దాకా చెల్లేది. ఎగుమతిదారులు అల్లాడిపోయారు. వాళ్లూ తమకొక మూల మడి కేటాయించుకున్నారని నాకు తోచింది. చెరువు కింది వడ్లు సంతకు పోతే కొలిచేవాడెవడు?

ఆ యేడు మూల మడిలో సగం వెన్నులు మెడ విరిగి తాలు పోయాయి. అప్పు గడువులోపలే కట్టాడు. రసీదు రాసిచ్చింది నేనే.