బీడు పెట్టిన కొండ

కొరాపుట్ కొండల్లో, నందపూర్‌కు అవతల, మాచ్‌కుండ్ ఏటి వైపు దిగే వాలులో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. తండ్రి పోయాక పోడు పంచుకుంటే చెరో ఆరు చెక్కలు వచ్చాయి. అన్నది తాతల నాటి పద్ధతి. మాఘంలో పొదలు కొట్టి ఎండబెట్టేవాడు. చైత్ర పరబ్ దాటాక నిప్పు పెట్టేవాడు. తొలకరి పడగానే ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లేవాడు. రెండు పంటలు తీశాక ఆ చెక్కను వదిలేసి పక్క చెక్కకు పోయేవాడు. ఆరు చెక్కలూ చుట్టి మళ్ళీ మొదటిదానికి వచ్చేసరికి అక్కడ మనిషి ఎత్తు దాటిన పొదలు, కాలు దిగబడే ఆకుమట్టి ఉండేవి.

తమ్ముడికి అంత ఓపిక లేదు. ఏడాదంతా పోడు పని, పుష్యమాసం వస్తే అల్లం కావిళ్లు మోసుకుని నందపూర్ సంతకు పోవడం. సాయంత్రానికి భుజం బిర్రబిగుసుకుపోయేది. ఊరి పైన బండ మీద నలుగురు కుర్రాళ్లు చేరి గంజాయి చిలుం కొట్టేవారు, వీడూ చేరాడు. మొదట్లో ఒక్క దమ్ముకే భుజం తేలికయ్యేది, కింద లోయలో ఎవరో పాడే పాట చెవి పక్కనే పాడినట్టుండేది, పడుకుంటే తెల్లారేదాకా మెలకువ వచ్చేది కాదు. రెండేళ్లు తిరిగేసరికి ఒక చిలుం సరిపోలేదు. తరవాత రెండూ చాల్లేదు. ఇప్పుడు తాగితే ఏమీ అనిపించడం లేదు, తాగకపోతే మాత్రం ఇంట్లో అందరి మీదా విరుచుకుపడుతున్నాడు.

"ఈ ఏడు సరుకులో పస లేదన్నా" అన్నాడు ఒకనాడు.

"సరుకు బాగానే ఉన్నట్టుందిరా. మొన్న మీ జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రాడు అదే చిలుం ఒక్కసారి లాగి బండ మీంచి లేవలేకపోయాడుగా."

తమ్ముడి దగ్గర దానికి జవాబు లేదు.

"పంట పలచబడిన చెక్కను ఏం చేస్తాం?" అని అడిగాడు అన్న.

"బీడు పెడతాం."

"అయితే నీ ఒంటినీ బీడు పెట్టు. ఈ పుష్య పున్నమి నుంచి మాఘ పున్నమి దాకా ముట్టుకోకు."

మాట నచ్చింది, ఆపేశాడు. మూడు రాత్రులు నిద్ర లేదు. చలికాలంలో కూడా గొంగడి తడిసేలా చెమట. పెళ్ళాం సొరబుర్రలో అంబలి పోసి చేతికిస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవాడు. అంబలి పలచనైందని ఒకరోజు, చిక్కనైందని మరోరోజు గొడవ. కాస్త కన్నంటుకుంటే చచ్చిపోయిన తండ్రి గొడ్డలి పట్టుకుని కొండెక్కుతున్నట్టు కల, పక్కన నిలబడి చూస్తున్నంత స్పష్టంగా. రెండో వారానికి ఆకలి తిరిగొచ్చింది. మూడో వారానికి నిద్ర పట్టింది.

మాఘ పున్నమి రానే వచ్చింది. వెన్నెల్లో ఒక్కడే బండ ఎక్కాడు. నెల్లాళ్లు ఆగింది ఈ రాత్రి కోసమే. ఆపిన రోజున ఎంత కూరేవాడో అంతే కూరాడు, నాలుగైదు దమ్ములు గట్టిగా లాగాడు. కాసేపటికి గుండె డప్పులా కొట్టుకోవడం మొదలెట్టింది. కొండ ఏటివైపు ఒరిగిపోతోందని భయం పుట్టింది. తను చచ్చిపోతున్నానని నిశ్చయమైపోయింది. లేచి నడిస్తే పడిపోతానని చేతుల మీద పాకుతూ ఇంటిదాకా వచ్చాడు. పెళ్ళాం పరుగెత్తి "బావగారూ" అని తలుపు తట్టింది. అన్న వచ్చి తెల్లారేదాకా పక్కనే కూచుని గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టాడు. "దిగిపోతుందిరా, నేనిక్కడే ఉన్నాను" అన్న ఒక్క మాటే పదేపదే అన్నాడు. తిట్టలేదు.

మర్నాడు ఇద్దరూ కొండెక్కారు. అన్న తీసుకెళ్ళింది తమ్ముడి చెక్క దగ్గరికే. మూడేళ్లు బీడు పెట్టి, పోయిన చైత్రంలో వాలంతా ఒకేసారి కాల్చి, చోళ్లు చల్లిన చెక్క అది. మొలక బాగానే వచ్చింది. శ్రావణం వానలకు బూడిదా మట్టీ కలిసి వాగులోకి పోయాయి. ఇప్పుడక్కడ రాళ్లు తేలి ఉన్నాయి, రాళ్ల మధ్య బెత్తెడేసి చోడి మోళ్లు.

"దీనికి మూడేళ్లు విశ్రాంతి ఇచ్చావు కదా. ఎందుకిచ్చావు?"

"మళ్ళీ కాల్చుకోడానికి."

"ఒంటికి నెల్లాళ్లు ఇచ్చిందీ?"

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అసలే మానెయ్యమంటావా అన్నా?" అన్నాడు.

"మానేస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. ముందు ఒకటి చెప్పు. ఆ నెలలో నీకు ఏమేం కనబడ్డాయి?"

తడుముకుంటూ చెప్పాడు. భుజం నొప్పి ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ అది తెలియకుండా ఉందంతే. నిద్ర పట్టని రాత్రుళ్లు సావుకారి బాకీయే కళ్ల ముందు తిరిగింది. కూతురు పొద్దుగూకితే తన దగ్గరికి రాదని మొదటిసారి గమనించాడు. మూడో వారంలో వచ్చి ఒళ్లో కూచుంది.

ఆ రోజే అన్నదమ్ములిద్దరూ కూచుని బాకీ లెక్క కట్టారు. అల్లం కావిడి బరువు సగం చేసి రెండు విడతలుగా సంతకు చేర్చాలనుకున్నారు. తమ్ముడు మళ్ళీ ఆపాడు. ఈసారి ఏ పున్నమి దాకా అని గడువు పెట్టుకోలేదు.

ఈ కథలో నీతి ఇది: విరామం ఒంటికి మేలు చేస్తుంది, కానీ ఆ మేలు నిలుస్తుందో లేదో ఎందుకు ఆగావన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొదటి సగం నిజమేనా అని సందేహపడేవారికి శాస్త్రం సమాధానం చెబుతోంది. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. మెదడులో సీబీ1 అనే గ్రాహకాలుంటాయి. అవి మన ఒంట్లోనే పుట్టే కొన్ని రసాయనాల కోసం ఏర్పడినవి. ఆకలి, నిద్ర, నొప్పి, జ్ఞాపకం, భయం అన్నిటి మీదా వాటి ప్రభావం ఉంటుంది. టీహెచ్‌సీ రోజూ వచ్చి వాటిని అదేపనిగా తడుతుంటే మెదడు కొన్ని గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటుంది, మిగిలినవి మొద్దుబారతాయి. అందుకే తమ్ముడికి సరుకులో పస పోయినట్టనిపించింది. డాక్టర్లు దీన్నే టాలరెన్స్ పెరగడం అంటారు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు రోజూ గంజాయి తాగేవారి మెదళ్లను పెట్ స్కాన్ చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. మెదడు పైపొరలోని గ్రాహకాలు సుమారు 20 శాతం తక్కువగా కనిపించాయి. అదే మనుషులు నాలుగు వారాలు పూర్తిగా మానేశాక చూస్తే దాదాపు మామూలు స్థాయికి వచ్చాయి. యేల్ విశ్వవిద్యాలయం వారి 2016 అధ్యయనంలో ఈ కోలుకోవడం రెండు రోజులకే మొదలైనట్టు కనబడింది. అన్న చెప్పిన పున్నమి నుంచి పున్నమి లెక్క ఏమంత తప్పు కాదు.

ఆ మూడు రాత్రుల బాధా కల్పన కాదు. గంజాయికి అలవాటు పడడమే ఉండదని, ఆకే కదా అని ఇప్పటికీ అనేవారున్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5లో గంజాయి మానినప్పుడు వచ్చే బాధలను ఒక గుర్తింపు పొందిన స్థితిగా చేర్చింది. చిరాకు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం, చెమట, ఆందోళన, విచిత్రమైన కలలు దాని లక్షణాలు. మానిన ఒకటి రెండు రోజుల్లో మొదలై మొదటి వారంలోనే ఎక్కువగా ఉంటాయి, రెండు మూడు వారాల్లో చాలామటుకు తగ్గిపోతాయి. నిద్రకు మాత్రం ఇంకాస్త ఎక్కువ కాలం పట్టవచ్చు. ఈ సంగతి ముందే తెలిసినవాడు మూడో రాత్రి బెదిరిపోడు, ఇంట్లోవాళ్లు కూడా అంబలి గురించి గొడవ పడ్డాడని మనసులో పెట్టుకోరు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఇక్కడ చాలామంది గంజాయిని పొగాకుతో కలిపి చిలుంలోనో బీడీలోనో పెట్టి తాగుతారు. అలాంటివాడు ఒక్కసారి ఆపితే రెండు అలవాట్లూ ఒకేసారి కొరుకుతాయి. ఏ బాధ దేనిదో తెలియక, గంజాయి లేకుండా బతకలేననుకుని మళ్ళీ మొదలెడతాడు. మరికొందరు గంజాయి ఆపిన సాయంత్రమే సారాకో జీలుగు కల్లుకో దిగుతారు. అది విరామం కాదు, పక్క చెక్కకు నిప్పు పెట్టడమే.

ఇక పున్నమి రాత్రి జరిగిన సంగతి. గ్రాహకాలు కోలుకున్నాక పాత మోతాదు పాతది కాదు, కొత్తవాడికి పెద్ద మోతాదు ఇచ్చినట్టే. హెరాయిన్ లాంటి వాటిలో ఈ పొరపాటు నేరుగా ప్రాణం తీస్తుంది. గంజాయిలో ఊపిరి ఆగిపోవడం అరుదు. కానీ గుండెదడ, విపరీతమైన భయం, ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం, లేని మాటలు వినబడడం ఉంటాయి. కొండ వాలున ఆ స్థితిలో నడిస్తే కాలు జారుతుంది, బండి తోలితే లోయలో పడతారు. ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారికి, ఇరవై ఏళ్లు నిండని పిల్లలకు ప్రమాదం మరింత ఎక్కువ. గర్భిణులు అసలే ముట్టకూడదు. అలాంటి రాత్రి పక్కనున్నవాళ్లు చేయాల్సింది అన్న చేసిందే: ఒంటరిగా వదలకుండా కూచోవడం, నీళ్లివ్వడం, నెమ్మదిగా మాట్లాడడం. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, తెల్లారినా అనుమానాలు పోకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

కుర్రాళ్ల మధ్య ఈ విరామం మాట ఒక చిట్కాలా తిరుగుతోంది. కొన్నాళ్లు ఆపు, తక్కువ సరుకుతోనే కిక్కొస్తుంది, డబ్బు మిగులుతుంది అని. నేను ఆ మాటను ఒప్పుకోలేను. తక్కువకు దిగి తక్కువలోనే ఉండిపోయేవాళ్లు లేరని కాదు. కానీ గడువు కోసం ఎదురుచూస్తూ గడిపిన నెలలో మనిషి దేన్నీ చూడడు, రోజులు లెక్కపెడతాడు. భుజం నొప్పికి వైద్యం కావాలి, బాకీకి లెక్క కావాలి. వాటిని కప్పడానికే చిలుం పట్టినవాడు అవి అలాగే ఉండగా ఎన్ని నెలలు ఆపినా చివరికి అదే బండ మీదికి చేరతాడు.

కొరాపుట్ కొండల్లో ఈ మాట చెప్పడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. నందపూర్ ఒకప్పుడు రాజధాని. ముప్పై రెండు మెట్ల సింహాసనం ఉన్న ఊరు. తరతరాలుగా ఇక్కడి రైతులు కాపాడిన వరి, చిరుధాన్యాల విత్తనాలకు, వ్యవసాయ పద్ధతులకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ గుర్తింపునిచ్చింది. అలాంటి సీమ పేరు ఇప్పుడు పత్రికల్లో ఎక్కువగా గంజాయి మూటల వార్తల్లో కనబడుతోంది. 2022 ఫిబ్రవరిలో ఆంధ్ర పోలీసులు అనకాపల్లి దగ్గర ఒకేసారి రెండు లక్షల కిలోలు కాల్చేశారు. ఈ సరుకు మోసి పట్టుబడేవాళ్లలో కూలి కోసం ఒప్పుకున్న కొండవాళ్లు ఎందరో. 1985 నాటి చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాని జైలు. డబ్బు పెట్టినవాడు మాత్రం ఊళ్లో కనబడడు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో 72 లక్షల మంది గంజాయి, భంగు వాడకం వల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నారు. తమ్ముడికి అన్న ఉన్నాడు. అందరికీ ఉండడు. పదిసార్లు ఆపాలనుకుని పదిసార్లూ మూడో రాత్రే మళ్ళీ ముట్టుకున్నవాడు తనకు మనోబలం లేదని తిట్టుకోనక్కర్లేదు, డాక్టర్ని కలవాలి. ఆపినప్పుడల్లా చచ్చిపోవాలనిపించినా, తాగుతున్న రోజుల్లోనే ఆగని వాంతులు పట్టుకుని వేడినీళ్ల స్నానంతోనే కాస్త నెమ్మదించినా ఆలస్యం చేయకూడదు. కేసులో పడతామని చాలామంది దాస్తారు. తక్కువ పరిమాణంతోనో సొంత వాడకంతోనో కేసులో చిక్కిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తిచేస్తే విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది. దగ్గర్లో కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి, కొండ దిగితే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఫోను చేయాలంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితం. టెలి మానస్‌తో తెలుగులోనే మాట్లాడవచ్చు.